పళ్లెం మోగితే దిగే పావురాలు

నా చిన్నప్పుడు మా ఊరికి పావురాలను పరిచయం చేసిన ఘనత అచ్చంగా నాదే. ఉండి దగ్గర మా పల్లెలో అంతకుముందు కొంగలున్నాయి, కాకులున్నాయి, పావురమన్నది మాత్రం లేదు. ఏలూరు బజారులో మూడు గంటలు నేలమీద దొర్లి ఏడ్చి, మా అమ్మమ్మ చేత ఒక జత కొనిపించాను. పొద్దునా సాయంత్రం ఇత్తడి పళ్లెం గరిటెతో వాయించి నూకలు వేసేదాన్ని. రెండేళ్లు తిరిగేసరికి అవి ఎంత పెరిగాయంటే, గుంపుగా ఒక్కసారి లేస్తే ఊళ్లో వడియాలకు ఎండ తగిలేది కాదు.

ఆ ఏడు పక్కింటి పిన్ని నారుమడిలో వడ్ల మొలకలు చల్లింది. నా పావురాలు దిగాయి, మధ్యాహ్నానికి మడి చీపురుతో ఊడ్చినట్టుంది. ఇంట్లో మిగిలిన ఆఖరి బస్తా నానబెట్టి, మొలకెత్తించి మళ్లీ చల్లింది. అదీ పోతే ఆవిడ చేలో ఇక ఊడ్పులు లేనట్టే.

"కాపలా నేను కాస్తాను పిన్నీ" అంటూ వీరనారిలా పళ్లెం పట్టుకుని గట్టెక్కాను. పావురాలు బెదిరిపోవాలని ఆకివీడు దాకా వినపడేలా వాయించాను. అంతే! భోజనానికి పిలిచాననుకుని మొత్తం గుంపు ఆ మడిలోనే దిగింది. రెండైతే నా భుజమెక్కాయి.

"అమ్మా తల్లీ, కాపలా కాస్తున్నావా, విస్తళ్లు వేస్తున్నావా?" అంది పిన్ని. ఆ గొంతులో నవ్వు లేదు.

అమ్మమ్మ తిట్టలేదు. అలాగే వాయించుకుంటూ ఇంటికి నడవమంది. నా వెనక పావురాల ఊరేగింపు. ఖాళీగా ఉన్న ధాన్యపు గదిలో నూకలు పోసి, అన్నీ దూరాక తలుపు మూసింది.

"నారు పచ్చబడేదాకా వీటి తిండీ నీళ్లూ నువ్వే చూడాలి. రెట్టలు కడగడం కూడా నువ్వేనమ్మా. తెచ్చింది నువ్వు కదా" అంది, చీపురు చేతికిస్తూ చాలా మర్యాదగా.

పది రోజులు కడిగాను. కొల్లేరులో సగం నీళ్లు ఆ గదికే ఖర్చయ్యాయని ఇప్పటికీ నా నమ్మకం. మిగిలిన మొలకలతోనే పిన్ని మడి పచ్చగా లేచింది. తలుపు తీశాక, గుంపు ఇక పెరగకుండా గూళ్లలో దొరికిన గుడ్లను నాచేతే ఉడకబెట్టించి మళ్లీ అక్కడే పెట్టించేది అమ్మమ్మ. పాపం, ఆ తల్లులు పొదిగి పొదిగి లేచిపోయేవి. చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని. గుంపు మాత్రం పలచబడింది.

ఇప్పుడు ఏలూరులో మా అపార్ట్‌మెంటు డాబామీద ఒకాయన రోజూ పావురాలకు గింజలు వేస్తారు. పుణ్యం ఆయనకి, రెట్టలు మా బాల్కనీకి. మొన్న వెళ్లి, "ఏవండీ, గింజలు వేసేది మీరే కదండీ" అని ఒక కొత్త చీపురు ఆయన చేతికిచ్చి వచ్చాను.

అమ్మమ్మంత మర్యాదగానే.