రెండు కంప్యూటర్లుగా మేమిద్దరం

ఆ రోజుల్లో మా ఇంట్లోకి లోకం సంగతులు రేడియో కంటే ముందు మా ఉద్దనపల్లి చిన్నత్త నోట వచ్చేవి. నాకొక ఉద్యోగం కాచుకుని ఉందన్న వార్త కూడా ఆమే తెచ్చింది. బస్సు దిగి వచ్చి, చెప్పులైనా వదలకుండా, "ఏమ్మే, హోసూర్లో కంప్యూటర్లు పెట్టినారంట. ఆడ కూర్చోని ఫోన్లో మాట్లాడేదానికి ఒక ఆడపిల్ల కావాలంట. మాట్లాడితే జీతమిస్తారంటే నీకింకేమి కావాల?" అంది. (ఇంట్లో నా నోరు ఎంత ఆడుతుందో ఆమెకు బాగా తెలుసు.) నేను బడికి పోయినదాన్ని కాదు. తెలుగు మా అవ్వ దగ్గర, అరవం వీధిలో, కన్నడం మా అంగడికి వచ్చేవాళ్ల దగ్గర, ఇంగ్లీషు మా అన్న పాత పుస్తకాల్లో నేర్చుకున్నాను. అలా నేర్పిన వాళ్లందరికీ ఈనాటికీ పొద్దున దీపం ముందు ఒక దండం పెట్టుకుంటాను. నాన్న పోయి అక్కడి సార్‌తో మాట్లాడి వచ్చి, "బెంగళూరు నుంచి పెద్దోళ్లు వచ్చి ఈ పని చూస్తారంట. వాళ్లు బాగుందంటే పని చేసుకో. బాగలేదంటే ఆ పొద్దే ఇంటికొచ్చేయి, ఇంక ఆ మాటే ఎత్తగూడదు" అని తీర్పు చెప్పాడు.

సార్ చిత్తూరు వైపు మనిషి. సన్నగా, ఎప్పుడు చూసినా మెడలో ఒక తీగ ముక్క వేసుకుని తిరిగేవాడు కాబట్టి చాటున తీగల సార్ అనేవాళ్లం. ఆయన పరిశోధన ఏమిటంటే, హోసూరులో ఒక కంప్యూటరు, కృష్ణగిరిలో ఒక కంప్యూటరు, రెండు ఊళ్ల గోదాముల్లో ఉన్న విత్తనాల మూటల సంగతి రెండింటికీ ఒకేలా తెలిసి ఉండాలి. ఇక్కడ మూట కదిలితే అక్కడ తెలియాలి. ఒకటి ఆగిపోతే రెండోది పెత్తనం తీసుకుని పని నడపాలి. అంతా బాగానే ఉంది కానీ, ఆ కంప్యూటర్లను టెలిఫోను తీగకు తగిలించడానికి అనుమతి ఇంకా రాలేదు. సార్‌కు ఊరికే కూర్చోవడం చేతకాదు. "యంత్రాలు ఎట్ల మాట్లాడాల్నో ముందు మనుషులు మాట్లాడి చూస్తామమ్మా" అన్నాడు. ఆ విధంగా నేను హోసూరు కంప్యూటర్నయ్యాను. కృష్ణగిరి కంప్యూటరేమో, మామిడికాయల మండీ పక్క మేడ మీద కూర్చునే ఒక అక్క. ఆమె గొంతే నాకు తెలుసు, మనిషిని చూడలేదు.

మా ఇద్దరికీ నాలుగు మాటలే ఇచ్చాడు సార్. అక్క ఏది చెప్పినా నేను "అందింది" అనాలి. అనకపోతే ఆమె మళ్లీ చెప్పాలి. తప్పుకునేవాళ్లు "పోతున్నాను" అనాలి, అప్పుడు రెండోవాళ్లు "పెత్తనం నాది" అనాలి. కాసేపు మాత్రం ఆగి మళ్లీ అందుకునేవాళ్లు "వస్తాను" అనాలి, అప్పుడు రెండోవాళ్లు పెత్తనం ముట్టకుండా కాచుకుని ఉండాలి. "యంత్రానికి సొంత తెలివుండదు. మీరూ వాడొద్దండి" అనేవాడు సార్. (ఆ ఒక్క విషయంలో నేనాయన మాట ఎన్నడూ దాటలేదు.) అయినా మా నోళ్లు ఊరుకోవు.

"అందింది. అక్కా, తిన్నారా?"

"ఇప్పుడేమ్మా. సంగటి, నంజుకోను ఊరిబిండి. నువ్వు?"

"కంప్యూటర్లు సంగటి తింటాయామ్మా?" అని వెనకనుంచి సార్ గొణిగేవాడు.

ఇంతా చేసి, తప్పుకునే పాఠం దాకా మేమెప్పుడూ పోలేదు. ఆ లోపలే లైను తెగిపోయేది. టెలిఫోను వాళ్లు ఒకనాడు గాలి అనేవాళ్లు, ఒకనాడు డెంకణికోట ఏనుగులు అనేవాళ్లు. (ఆ ఏనుగులకు మా స్తంభాల దారే తెలియదు.) పెద్దవాళ్లు వచ్చే ముందు రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు. కొండెక్కి చంద్రచూడేశ్వరుడి ముందు నిలబడి, "స్వామీ, రేపు ఒక్కనాడు లైను తెగకుండా చూడు" అని మొక్కుకున్నాను. ఆయన దయ అపారం. మరునాడు లైను తెగలేదు. కష్టమంతా అక్కడే వచ్చింది.

ముగ్గురు పెద్దవాళ్లు నా కుర్చీ చుట్టూ కూర్చున్నారు. మూటలు కదిలాయి, "అందింది"లు అందాయి, సార్ ముఖం వెలిగింది. ఇక కృష్ణగిరి తప్పుకోవాలి, హోసూరు పెత్తనం తీసుకోవాలి. నేను చెవి అప్పగించి కూర్చున్నాను. అటునుంచి ఊపిరి తప్ప మాట లేదు. తర్వాత మెల్లగా, "వస్తానమ్మా" అని వినిపించి, ఫోను పెట్టేసిన చప్పుడైంది.

"అందింది" అన్నాను నేను. కాచుకుని కూర్చున్నాను.

అక్క వెళ్లిపోయిందని నాకు తెలుసు. హోసూరు కంప్యూటరుకు మాత్రం తెలియదు కదా! వస్తానన్నవాళ్లు వచ్చేదాకా పెత్తనం ముట్టరాదు. ఫోను చెవిలో గుయ్యిమంటోంది. టీ చల్లారింది. ఒకాయన కుర్చీ కిర్రుమనిపిస్తున్నాడు. నాన్న చెప్పిన తీర్పు చెవిలో మోగుతోంది.

"ఎన్న సార్, నిన్ను పోచ్చా?" అన్నాడు ఒకాయన అరవంలో, యంత్రం ఆగిపోయిందా అని.

"వస్తాననిందండి" అన్నాను.

సార్ తల పట్టుకున్నాడు. "అయ్యో, పోతున్నాననాల కదమ్మా ఆమె!"

నాకింక ఉండబట్టలేదు. "అక్క వాళ్లాయన లారీ మీద బయలుదేరి పోయినాడు సార్ ఈ పొద్దు. దీపం పెట్టిన ఇంటి ఆడమనిషి నోటితో పోతున్నాను అని ఎట్ల అంటుంది? మా ఇండ్లల్లో ఎవురూ అనరు."

ముగ్గురిలో పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు. "మా ఇంట్లోనూ అనరు. కన్నడంలో హోగి బర్తీని, అరవంలో పోయిట్టు వరేన్, రెండూ పోయి వస్తాననే. మొత్తం ఈ సీమలోనే పోయేవాడు లేడప్పా, అందరూ వచ్చేవాళ్లే!" అన్నాడు. నవ్వు ఆగాక సార్ వైపు తిరిగి అడిగాడు: "అయినా నాకొకటి చెప్పండి. నిజంగా కంప్యూటరే వస్తానని చెప్పి రాకపోతే, ఈ పాప ఎంతసేపు కూర్చుంటుంది?"

సార్ గబగబా జేబులో పెన్సిలు వెతుక్కున్నాడు. ఆయన నియమాల్లో ఎదురుచూపుకు హద్దు లేదు! "దానికోసమైనా మీకు ఇంకొంత కాలం ఇవ్వాల్సిందే" అంటూ పెద్దాయన లేచాడు. ఇంటికి పోయి ఆ మాట చెబితే నాన్న, "సరే, పో" అన్నాడు. (ఆయనకూ పో అనడం ఇష్టం లేదు. వెంటనే "పోయి రా" అని దిద్దుకున్నాడు.)

ఆ వారమే అక్క బస్సెక్కి హోసూరు వచ్చింది, పని చెడగొట్టానేమోనన్న భయంతో. వాకిట్లో ఎర్ర చీరలో, నాకంటే పొట్టిగా ఒకామె. "హోసూరు నువ్వేనా? గొంతు విని లావుగా ఉంటావనుకున్నానే!" అంది. గంటలకొద్దీ ఫోన్లో వాగిన మేమిద్దరం ఎదురెదురుగా మాట తోచక, చేతులు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాం.

అనుమతి వచ్చింది, తీగలు తగిలించారు. సార్ యంత్రాలు తమలో తామే మాట్లాడుకున్నాయి, ఎంత కాచుకోవాలో కూడా నేర్చుకున్నాయి. హోసూరు యంత్రానికి టైపు కొట్టే మనిషి కావాలి కాబట్టి నేను మిగిలాను. కృష్ణగిరిది మనిషి లేకుండానే నడవాలన్నదే పరిశోధన. అక్క పని అయిపోయింది. ఆ కబురు నేనే ఫోను చేసి చెప్పాల్సి వచ్చింది. "అందింది" అంది అక్క. వెంటనే, "నీ పని ఉంది కదా, అంతే చాలమ్మా" అని సంతోషపడింది.

ఇప్పుడు నా మనవరాలి ఫోను రెండు క్షణాలు ఆలస్యమైతే విసుక్కునేదాన్ని నేనే. నన్ను చూసి నాకే నవ్వొస్తుంది. ఈ ముసలిదాన్ని మీరు తలుచుకోకపోయినా పరవాలేదు. మీ మాట దూరాన ఉన్నవాళ్లకు చేరినప్పుడు మాత్రం, మామిడికాయల మండీ పక్క మేడ మీద ఒకప్పుడు కంప్యూటరుగా కూర్చున్న మా కృష్ణగిరి అక్కను ఒక్కసారి తలుచుకోండి.