సాకు అన్న ఒక్క మాట

ఈ ఉదయం, ఎదురింటికి కొత్తగా వచ్చిన కృష్ణా జిల్లా ఆవిడ నా కప్పులో కాఫీ పోస్తుంటే, అంచుకు వేలెడు కింద ఉండగానే నేను "సాకు, సాకు" అన్నాను. ఆమె పోయడం ఆపలేదు. "సాకా? దేనికండీ సాకు?" అని నా ముఖం వంక చూసింది. ఆ చూపు పూర్తయ్యేలోపు కాఫీ సాసరులోకి దిగింది. ఆమె ఊళ్లో సాకంటే తప్పించుకోవడానికి చెప్పే నెపం. తరాలుగా బెంగళూరులో ఉండి, మాటలో సగం కన్నడం కలుపుకున్న మా ఇంట్లో సాకంటే చాలు అని అర్థం. బల్ల తుడుచుకుంటూ ఇద్దరం నవ్వుకున్నాం గాని, నా మనసు మాత్రం అమ్మ ఈ బెళ్ళందూరు ఫ్లాటుకు వచ్చిన మొదటి వేసవికి వెళ్లిపోయింది. ఆ వేసవిలో ఈ ఒక్క మాటను తప్పుగా విని, ఆమెను ఇంటి నుంచి పంపించేయబోయాను.

నగర్తపేటలో మేము అద్దెకున్న పాత ఇంటిని పడగొట్టి దుకాణాలు కట్టాలని యజమాని నిర్ణయించడంతో అమ్మ నా దగ్గరికి వచ్చింది. నాన్న అంతకు చాలా ముందే పోయారు. కొలత పరికరాలు సరిగా కొలుస్తున్నాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. అమ్మ ఏ కొలతకూ లొంగని మనిషి. లిఫ్టు ఎక్కగానే దాని గోడను ఎద్దు మెడ నిమిరినట్టు ఒకసారి నిమిరేది. మోసేదానికి మర్యాద చేయాలని ఆమె సిద్ధాంతం. వాషింగ్ మెషీన్ తిరుగుతున్నంతసేపూ దాని ఎదుట పీట వేసుకుని కూర్చునేది. ఎందుకమ్మా అంటే, "ఒంటిగా చేస్తా ఉండాది పాపం, తోడుండద్దా?" అనేది. టీవీలో వార్తలు చదివే అమ్మాయి నమస్కారం పెడితే తానూ పెట్టేది. ఆ అమ్మాయి చీర నచ్చని రోజు మాత్రం చేతులు ఒళ్లోనే ఉండేవి. ఇవన్నీ నాకు ముచ్చటగానే ఉండేవి. చిక్కల్లా సండిగలతో వచ్చింది.

సండిగలంటే వడియాలే. నగర్తపేటలో మిద్దె మీద ఎండబెట్టుకునేవాళ్లం. ఇక్కడ మిద్దెకు తాళం ఉంటుంది. బాల్కనీలో ఏదీ ఆరవేయరాదని నివాసుల సంఘం నిబంధన. అమ్మ ఆ నిబంధనను అక్షరాలా గౌరవించింది. బాల్కనీ జోలికి పోకుండా, కింద నిలిపిన కార్ల ముందు భాగం మీద తడిగుడ్డ పరిచి బూడిదగుమ్మడి సండిగలు పెట్టింది. కార్లను ఎంచుకోవడంలో ఆమె చూపిన పద్ధతిని నేను ఈనాటికీ తప్పుపట్టలేను: ఎండలో ఉన్నదై ఉండాలి, నల్లదై ఉండాలి, మధ్యాహ్నం దాకా కదలనిదై ఉండాలి. ఈ చివరి అంచనా ఒక కారు విషయంలో తప్పింది. అది సంఘం అధ్యక్షులవారిది. ఆయన ఫోనులో మాట్లాడుతూ ఎక్కి, అలాగే మాట్లాడుతూ బయలుదేరారు. అక్కడి నుంచి గేటు దాకా సండిగలు రాలుతూ పోయాయి.

సాయంత్రం ఆయనే మా ఇంటికి వచ్చారు. "ఆంటీ, అది పార్కింగ్ ఏరియా. డ్రైయింగ్ ఏరియా కాదు."

"డ్రైయింగ్ ఏరియా యాడుండాదో చూపించప్పా, ఆడే పెడతా," అంది అమ్మ. అలాంటిది ఆ ఆవరణలో ఎక్కడా లేదు. అమ్మ ఆగలేదు. "అయినా ఇంకో గంట తాళింటే ఎండిపోయిండేవి. ఏమంత ఆత్రం నీకు?"

ఆ రాత్రికే సండిగలతో ఉన్న ఆ కారు ఫొటో సంఘంవాళ్ల ఫోన్ గ్రూపులో అందరికీ చేరింది. నేను అమ్మకు చూపించలేదు, ఎవరో చూపించారు. మరునాటి నుంచి ఆమె కిందికి దిగడం మానేసింది. మెషీన్ దానంతట అదే తిరిగింది. వార్తల అమ్మాయి ఎంత మంచి చీర కట్టుకువచ్చినా ప్రతినమస్కారం అందలేదు. అమ్మ మాట్లాడకపోవడం నాకు కొత్త. దాన్ని ఎలా పరీక్షించాలో నాకు తెలియదు. కొన్నాళ్లు చూసి, ఒక రోజు భోజనాల దగ్గర ఆమె కంచంలో మజ్జిగ పోస్తూ అడిగాను: "నిన్ను ఏం చెయ్యమంటావమ్మా?"

"సాకు," అంది.

ఇక్కడ ఉండింది చాలు అంటోందని అర్థం చేసుకున్నాను. ఊరి బయట అత్తిబెలెలో ఉన్న చిన్నమ్మకు విశాలమైన మిద్దె ఉంది, అడిగేవాళ్లెవరూ లేరు. ఫోను చేస్తే చిన్నమ్మ సంతోషంగా ఒప్పుకుంది. అమ్మ కాదనలేదు; చీరలు మడతపెట్టుకుంది. ఆదివారం కారులో బయలుదేరాం. దారి పొడుగునా నేను ఆ మిద్దె వైశాల్యాన్ని, దిక్కును, దాని మీద పడే ఎండను వర్ణిస్తూనే ఉన్నాను. టోల్‌గేటు దగ్గర బండ్ల వరుసలో ఆగినప్పుడు అమ్మ నోరు విప్పింది.

"నీకు కన్నడం ఎక్కువైందే పాపా."

"ఏమమ్మా?"

"సాకమంటే సాగనంపతా ఉండావే!"

సాకడమంటే పెంచడం కూడా. ఇది మా పెద్దలు బెంగళూరుకు వెంట తెచ్చుకున్న సీమ తెలుగు. లేగదూడను సాకుతారు, తల్లి లేని పిల్లను సాకుతారు. ఏం చెయ్యమంటావని నేను అడిగిన ప్రశ్నకు అమ్మ సూటిగా జవాబు చెప్పింది. దాన్ని నేను కన్నడంలో విన్నాను. వెనక బండ్లు హారన్ కొడుతున్నాయి. గేటు దాటి కారు పక్కకు ఆపి, "మజ్జిగ చాలన్నావనీ, ఈ ఇల్లూ చాలన్నావనీ అనుకున్నానమ్మా," అన్నాను.

"మజ్జిగకు చెయ్యి అడ్డం పెట్టినా గదే. నోటితో చెప్పింది నీకు."

నిజమే, కంచం మీద చెయ్యి పెట్టింది. "మరి ఇన్నాళ్లూ ఒక్క మాటన్నా అనలేదేం?"

"పంపేది నువ్వు. అడిగేది నేనా?" అని కిటికీ వైపు తిరిగింది. అటే చూస్తూ, "ఏడుస్తా బండి తోలద్దు, కళ్లు తుడుచుకో," అంది.

చిన్నమ్మ మిద్దె కడిగి, ముగ్గు కూడా వేసి ఎదురుచూస్తోంది. మేము భోంచేసి అదే సాయంత్రం తిరిగి బయలుదేరితే, "చూసి పోదామని వస్తిరా, నా మిద్దెకేం తక్కువ?" అని బాగా అలిగింది. ఆ వారమే నేను సంఘం సమావేశానికి వెళ్లాను. అంతవరకు ఏనాడూ అక్కడ నోరు తెరిచినదాన్ని కాను. మా అమ్మ ఇక్కడే ఉంటుంది, మిద్దె మీద ఆమెకు కాస్త ఎండ కావాలి అన్నాను. అధ్యక్షులవారు తన కారు భద్రతను కూడా ఆలోచించుకున్నారో ఏమో, తాళంచెవి ఇప్పించారు. మొదటి రోజు అమ్మ అక్కడి సోలార్ పలకలను చుట్టూ తిరిగి చూసి, "ఇంత ఎండ పట్టుకోని ఇవి ఏం ఎండబెడతా ఉండాయే?" అని అడిగింది. నీళ్లు కాస్తాయని చెప్పాను. కొంత గౌరవంతో, వాటికి అడ్డం రాకుండా గుడ్డ పరుచుకుంది.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున నేను ఆమెను సాకుతాను: కళ్లలో మందు వేసి, మాత్రలు మింగించి, బెల్లం డబ్బా ఆమెకు అందకుండా పై అరలోకి మార్చుతాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఆమె నన్ను సాకుతుంది: వద్దంటున్నా తలకు నూనె పెట్టి, అప్పుడే ఎండిన సండిగలు వేయించి నోట్లో కుక్కుతుంది. ఈ రెండు పూటల నడుమ మిగిలిన కాలంలో, ఎవరి పనిలో వాళ్లం ఉంటూ, ఇద్దరం కొంచెం కొంచెంగా ముసలివాళ్లమవుతున్నాం.