కాంతం పారేసిన పీపా చెక్కలు

ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో గోపాల్‌రావు కారు దారి మధ్యలో ఆగిందంటే ఇంజను చెడిపోయిందని కాదు, విరిగిన విస్కీ పీపా ఏదో కంటపడిందని అర్థం. పబ్బుల ముందు పూలతొట్లుగా పెట్టిన సగం పీపాలు కొన్నాళ్ళకు పుచ్చి విడిపోతాయి. వాటి చెక్కలను ఆయన బతిమాలి తెచ్చి పెరటి షెడ్డులో పేర్చుకుంటాడు. ఆయన ఇంట్లో ఎంత వంకర చెక్కకైనా చోటుంది. భార్య కాంతం చీపురుకే లేదు.

తెచ్చిన చెక్కకు మట్టి దులిపి, చిత్రిక పట్టి, వేలెడు ముక్కలు కోసి, వంటింటి ఓవెన్‌లో ఎర్రగా కాలుస్తాడు. పెరట్లో కాసిన ప్లమ్ పళ్ళను వోడ్కాలో నానబెట్టి, ఆ జాడీల్లో ఈ ముక్కలు వేస్తాడు. దాంతో కాంతం చేసే కేకులన్నీ పొగవాసనే.

"కేకు మాడిందా ఆంటీ?" అని అడిగేవారు వచ్చినవాళ్ళు.

"కేకు మాడలేదమ్మా, మా ఆయన చెక్క మాడింది."

ఆ మందు రుచి మాత్రం ఎవరూ ఎరుగరు. ఎప్పుడడిగినా "ఇంకా కాలేదు" అంటాడు.

"మీరు తాగరు, ఒకర్ని తాగనియ్యరు. ఎందుకీ తిప్పలు?" అనేది కాంతం.

"చెక్క దాని పని అది చేస్తుంది. తొందరపెట్టకు."

ప్రతి శనివారం స్నేహితుడు సదాశివం వచ్చేవాడు. భార్య పోయాక తాగుడుకు అలవాటుపడి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి.

"అయ్యిందారా?"

"ఇంకా కాలేదురా. జర ఈ చెక్కకు చిత్రిక పట్టు, వచ్చే వారం చూద్దాం."

సాయంత్రం దాకా చిత్రిక పట్టి, మూడు కప్పుల చాయ్ తాగి వెళ్ళేవాడు సదాశివం. కాంతానికి ఒళ్ళు మండేది. "తాగుబోతుకు ఆశ చూపి ఊడిగం చేయించుకుంటుండ్రు. పాపం తగుల్తది" అనేది మొగుణ్ణి. ఆయన నవ్వి ఇంకో చెక్క అందుకునేవాడు.

ఒక శుక్రవారం కూతురు సిరి పసిబిడ్డతో వచ్చింది. గోపాల్‌రావు ఆఫీసులో ఉండగా కాంతం, బిడ్డకు ఈ పొగా పేళ్ళూ పడవని, అల్లుడు చక్రి చేత చెక్కలన్నీ చెత్త డిపోకు చేరవేయించింది. జాడీలు ఒంపేముందు చక్రి ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొహం చిట్లించాడు.

"అత్తమ్మా, ఇది ఎప్పుడో అయిపోయింది. ఇంత చిన్న ముక్కలైతే రెండు మూడు నెలలు చాలు. ఏళ్ళు ఉంచితే మరిగిన డికాషన్‌లా చేదెక్కుతది. మామయ్యకు తెల్వదా?"

పీపాల గురించి చెప్పి చెప్పి తన చెవులు చిల్లులు చేసిన మనిషికి ఇది తెలియకపోవడమేంటని కాంతానికీ అనిపించింది. అయినా సింకులో ఒంపేసింది.

ఖాళీ షెడ్డు చూసి గోపాల్‌రావు కేకలేయలేదు. "రేపు సదాశివం వస్తడు" అన్నాడంతే.

"ఆ చేదు మందు కోసమా?"

"అయిపోయిందంటే తాగుతడు, కాంతం. కాలేదంటే మళ్ళీ వస్తడు. ఈడ ఉన్నంతసేపు పబ్బుకు పోడు."

"నాకు చెప్పొద్దా?"

"చెప్తే వాడి మీద జాలిపడతవు. జాలిపడే ఇంటికి వాడు రాడు."

కాంతానికి అన్ని శనివారాలు తను అన్న మాటలన్నీ ఏరి వెనక్కి తెచ్చుకోవాలనిపించింది. చెక్కలు తేవచ్చు, మాటలెక్కడివి?

మర్నాడు సదాశివం షెడ్డులోకి తొంగి చూశాడు. "మంచిగ సాఫ్ చేసిండ్రు చెల్లె" అని మెల్లగా వెనుదిరిగాడు. వీధి చివర ఎడమకు తిరిగితే ఆయన ఫ్లాట్, కుడికి తిరిగితే పబ్బు. ఆయన కుడికి తిరిగాడు.

కాంతం ఇంటి చెప్పులతోనే పరుగెత్తింది. "అన్నా, జర ఆగండి. మా డైనింగ్ కుర్చీ ఊగుతుంది."

ఊగడం లేదు. సదాశివం దాని ఒక కాలికి చిత్రిక పట్టాడు. అప్పుడు ఊగింది. మిగతా మూడు కాళ్ళూ దానికి సరిచేయడానికి సాయంత్రమైంది. అది పొట్టిదైంది కాబట్టి పై వారం రెండో కుర్చీ పట్టుకోవాల్సి వచ్చింది.

చలికాలం ముగిసేసరికి ఆరు కుర్చీలూ పీటలకు దగ్గరయ్యాయి. ఒక శనివారం అందరూ భోజనానికి కూర్చున్నారు. చక్రి మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి.

"కాంతం, పప్పు నా గడ్డానికి అంటుతుంది" అన్నాడు గోపాల్‌రావు.

కాంతం టేబుల్‌ను అటూ ఇటూ చూసింది. "దీని కాళ్ళే పొడుగున్నయ్. అన్నా, వచ్చే వారం దీని సంగతి చూస్తరా?"

సదాశివం కంచం పక్కకు జరిపి, టేబుల్ కిందికి వంగాడు. "పెద్ద పనే చెల్లె. ఎండాకాలం దాకా పడుతుంది."