లంగరు తాడులో ఎదురు పురి

అది 1943. పంజాగుట్టలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నాకొక తాళ్ల దుకాణం ఉండేది. డేరాలకి తాళ్లు కట్టడం, బావులకి చేంతాళ్లు అమ్మడం, తెగిన మోకులు అతకడం నా పని. నేను కాకినాడ రేవులో పెరిగినవాణ్ణి. అక్కడ ఓడల మీద పనిచేసి వచ్చిన ఒక ముసలి సరంగు దగ్గర ఆరేళ్లు తాళ్ల పని నేర్చుకుని, పెళ్లయ్యాక మా మామగారి ఊరని హైదరాబాదు చేరాను. సముద్రం లేని ఊళ్లో ఓడ తాళ్లవాడికి ఏం పనుంటుందని మావాళ్లు నవ్వారు. చాలానే ఉండేది. యుద్ధం పుణ్యమా అని బేగంపేట చుట్టూ ఎక్కడ చూసినా డేరాలే, డేరా అంటే తాళ్లే.

తాడు అతకడంలో ఈ ఊళ్లో నా అంతవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఎవరూ అడక్కపోయినా ఆ సంగతి నేనే చెప్పేవాణ్ణి.

అతకడమంటే ముడి వేయడం కాదు. ముడి వేస్తే తాడు బలం సగానికి పడిపోతుంది. మేం చేసేదాన్ని స్ప్లైస్ అంటారు. రెండు తాళ్ల కొసలనీ పేటలుగా విప్పి, ఎదురెదురుగా పెట్టి, ఒకదాని పేటలు రెండోదాని పేటల కిందినుంచి దూర్చి అల్లుకుంటూ పోవాలి. పేటల మధ్య సందు చేయడానికి కోసుగా చెక్కిన కొయ్య మేకు ఉంటుంది, దాని పేరు ఫిడ్. అల్లిక అయ్యాక పైన సన్నటి పురికొస బిగించి చుడితే అది సర్వింగ్. సర్వింగ్ చేసిన అతుకు నున్నగా, చూడముచ్చటగా ఉంటుంది. లోపల ఏముందో మాత్రం ఎవరికీ కనపడదు.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో హుస్సేన్ సాగర్ నుంచి ఒక జమాదారు నా దుకాణానికి వచ్చాడు. చెరువులో గుర్రపుడెక్క తీయించే సర్కారు పడవ ఆయన కింద ఉండేది. వెంట ఆ పడవ నడిపే మల్లయ్య, భుజాన లంగరు తాడు చుట్ట. మల్లయ్యది నా వయసే. పదేళ్లుగా అదే పడవ మీద ఉన్నాడు. నౌకరీతోపాటు కట్ట కింద ఒక సర్కారు గుడిసె కూడా ఇచ్చారు, ఇల్లూ సంసారమూ అందులోనే.

తాడు మంచి మనీలా. ఫిలిప్పీన్ దీవుల నారతో చేసేది, నీళ్లలో నానినా చెడదు. కానీ సగం అరిగిపోయింది. బాగున్న భాగం ఎనిమిది బారలు తేలింది. పడవకి పద్దెనిమిది బారలు కావాలి. లంగరు తాడు పొట్టిదైతే, పడవ లాగినప్పుడల్లా లంగరు పైకి లేస్తుంది, అడుగున పడుకుని పట్టుకోదు. కొత్త మనీలా తెద్దామంటే యుద్ధంతో రాక ఆగిపోయింది.

"మిగతా పది బారలూ జనపతాడు వేస్తాను," అన్నాను.

మల్లయ్య రెండు తాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశాడు. "శామేలన్నా, గిది మోకాలికి బోడగుండుకు ముడేసినట్టున్నది గదా. రెండు జాతులు కలుస్తయా?"

"కలిపేవాడు కలిపితే ఎందుకు కలవవయ్యా?" అన్నాను. జమాదారు వైపు తిరిగి ఇంకా గట్టిగా చెప్పాను. "రాసిపెట్టుకోండి సాబ్. తాడు తెగాలి తప్ప నా అతుకు ఊడదు."

జనపతాడు అమీర్‌పేటలో బాలమ్మ దగ్గర కొన్నాను. ఆమె ఇంటి వెనక పెరట్లో రాట్నం పెట్టుకుని తాళ్లు పేనేది. చేయి గట్టిది, తాడులో ఎక్కడా గంటు ఉండదు. మర్నాడు అతకడానికి కూర్చుంటే పేటలు మొరాయించాయి. మామూలుగా ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా పడుకోవాల్సినవి, పైకి లేచి అడ్డంగా నిలబడుతున్నాయి. జనుము మొరటు నార కదా, అందుకేలే అనుకున్నాను. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అన్నట్టు, డేరా తాళ్లకి రోజుకి ఇరవై అతుకులు వేసి వేసి నా చేతులకి ఆలోచించే అలవాటు పోయింది. సుత్తితో కొట్టి అణచి, పైన సర్వింగ్ బిగించేశాను. బయటికి బ్రహ్మాండంగా కనిపించింది. మల్లయ్య చేత్తో నిమిరి చూసి, "మస్తున్నదన్నా," అని తీసుకుపోయాడు.

మూడు వారాలు గడిచాయి. ఆషాఢం గాలులు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం జమాదారు, మల్లయ్య మళ్లీ వచ్చారు. మల్లయ్య మోకాలికి గుడ్డ కట్టి ఉంది, కుంటుతున్నాడు. ముందురోజు గాలికి లంగరు తాడు ఊడిపోయి పడవ కట్ట రాళ్లకి కొట్టుకుందట. రెండు పలకలు పగిలాయి. పడవలో ఉన్న ఇద్దరు కూలీలు ఎలాగో రాళ్ల మీదికి దూకి బయటపడ్డారు.

జమాదారు మనీలా ముక్కని నా ముందు పడేశాడు. కొస ఎక్కడా తెగలేదు. సర్వింగ్ చీలిపోయింది, మూడు పేటలూ జడ విప్పినట్టు విడివిడిగా ఉన్నాయి.

"తాడు తెగలే, ఊడింది," అన్నాడు. "నీ అతుకు ఊడదని నువ్వే అంటివి. అంటే గీ మల్లయ్యే దాన్ని విప్పిండు, మళ్ల ముడేసిండు, గా ముడి ఊడింది. రేపటి సంది నౌకరికి రాకని చెప్పిన. గుడిసె సుత ఖాళీ చెయ్యాలె. నీ నోటి తోని ఒక మాట చెప్పు, రాసుకుంట."

"నేను ముట్టలే సాబ్," అన్నాడు మల్లయ్య. చెప్పింది ఆయనకే అయినా చూసింది నా వంక.

ఆ పేటలు మొరాయించడం నా వేళ్లకి గుర్తుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "తాడు ఇక్కడ వదిలి వెళ్లండి, చూసి రేపు చెబుతాను," అని నీళ్లు నమిలాను. మల్లయ్య కుంటుకుంటూ జమాదారు వెనక వెళ్లిపోయాడు.

వాళ్లు పోగానే దుకాణం మూసి, బాలమ్మ తాడులో నా దగ్గర మిగిలిన ముక్క బయటికి తీశాను. మనీలా పక్కన నిలువుగా పట్టుకున్నాను. మనీలా పేటలు కిందినుంచి కుడివైపుకి ఎక్కుతున్నాయి. జనపతాడు పేటలు ఎడమవైపుకి ఎక్కుతున్నాయి. ఒకటి కుడి పురి, ఇంకొకటి ఎడమ పురి. ఏ తాడు ముట్టుకున్నా ముందు బొటనవేలితో పురి చూడరా అని సరంగు తాత మొదటి రోజే చెప్పాడు. మొదటి రోజు పాఠాన్నే మరిచిన ఘనుణ్ణి నేను.

అప్పటికప్పుడు అమీర్‌పేట నడిచాను. బాలమ్మ నన్ను చూసి రాట్నం ఆపింది.

"ఏంటమ్మా, తాడు ఎడమ పురి పేనావు?"

"నా చెయ్యే ఎడమ వాటం సారూ," అంది. "పుట్టినకాడి నుంచి గంతే. చేంతాడుకు ఎటు తిప్పితే ఏంది? నీళ్లు చేదవడతలేవా? నువ్వు అడగలే, నేను చెప్పలే."

ఆమె చెప్పింది నిజం. తాడు ఒంటరిగా ఉంటే ఎటు పురి అయినా ఒకటే. నేరం ఆమె మీదికి నెడదామని వెళ్లానని ఒప్పుకుంటాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉండేది ఆ పని.

తిరిగొచ్చి ఆ రెండు తాళ్లనీ మళ్లీ అలాగే అతికాను. షెడ్డు గుంజకీ నేలలో పాతిన మేకుకీ మధ్య కప్పీ పెట్టి లాగాను. అతుకులో ఒక చీపురుపుల్ల గుచ్చి చూస్తూ కూర్చున్నాను. బిగించగానే పుల్ల గిర్రున తిరిగింది. వదిలితే వెనక్కి వచ్చింది. లాగినప్పుడు ప్రతి తాడూ తన పురి విప్పుకోవాలని చూస్తుంది. ఒకే పురి తాళ్లు రెండు కలిస్తే, అవి అతుకుని చెరోవైపు తిప్పబోతాయి కాబట్టి అది కదలదు. ఎదురు పురి తాళ్లయితే రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేవైపు తిప్పుతాయి, రెండూ విచ్చుకుంటాయి. నలభై సార్లు లాగి వదిలేసరికి పేటలు వదులయ్యాయి. చెరువు మీద అల ఊపితే మూడు వారాల్లో ఎన్ని వేలసార్లు తిరిగి ఉంటుందో!

నాకు సిగ్గు వేసింది, భయమూ వేసింది. ఇది తెలిస్తే డేరాల పని ఎవరిస్తారు? చెప్పకపోతే ఒక మనిషికి నౌకరీ, ఇల్లు పోతాయి. ఇందులో ఆలోచించడానికేముంది అని మీరనవచ్చు. ఆ పూట నేను మాత్రం చాలాసేపు ఆలోచించాను.

మర్నాడు పొద్దున్నే తాళ్లు, కప్పీ మోసుకుని హుస్సేన్ సాగర్ కట్టకి వెళ్లాను. జమాదారు ఎదుటే రెండు గుంజల మధ్య తాడు బిగించి, పుల్ల గుచ్చి చూపించాను. చుట్టూ కూలీలు చేరారు. పుల్ల తిరిగినప్పుడల్లా వాళ్లు మల్లయ్య వైపు చూశారు.

"తప్పు నాది సాబ్. మల్లయ్య ఆ తాడుని ముట్టలేదు."

జమాదారు వంగి పుల్లని వేలితో ముట్టి చూశాడు. "నిన్న ఎందుకు చెప్పలే?"

"భయపడ్డాను."

"నువ్వు భయపడ్డ ఒక్క దినంల వీని పెండ్లాం గిన్నెలు, బొంతలు మూట గట్టుకున్నది. ఎరుకేనా?"

చూస్తే నిజంగానే గుడిసె గుమ్మంలో మూటలు ఉన్నాయి. జమాదారు కేకేసి, మూటలు లోపల పెట్టుకోమన్నాడు.

పడవకి పలకలు మార్చేలోగా కొత్త జనపతాడు నా ఖర్చుతోనే చేయించాను. బాలమ్మ సణుక్కుంటూనే రాట్నం ఎదురు తిప్పి కుడి పురి పేనింది. అతుకు ఈసారి కట్ట మీదే, మల్లయ్య పక్కన కూర్చుని వేశాను. పేటలు వేటి చోట్లో అవి పడుకున్నాయి. సర్వింగ్ చేయలేదు. అతను ప్రతి పేటా వేలితో లాగి చూసుకున్నాడు. ఈసారి మస్తున్నదని అనలేదు.

మధ్యాహ్నం గాలి లేచింది. మల్లయ్య, చెరువు అడుగునుంచి పైకి తీయించిన లంగరు, తాడు పడవలో వేసి నా వైపు తిరిగాడు.

"ఎక్కన్నా."

"నేనెందుకు?"

"నీ అతుకే గద. గాలి తగ్గేదాక ఇద్దరం దాని మీదనే కూసుందాం."

"నాకు ఈత రాదు మల్లయ్యా."

"రేవుల పెరిగినోనికి ఈత రాదా?" పడవ రాళ్లకి కొట్టుకున్నాక అతను నవ్వడం అదే మొదటిసారి. నవ్వాడు కానీ, జాలిపడలేదు. పడవ అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు, నేను ఎక్కేదాకా.

ఎక్కాను. చెరువు మధ్య లంగరు వేశాడు. తాడు సాగింది, బిగిసింది, పడవ గాలికి ఊగి నిలిచింది. ప్రతి అలకీ పడవ అంచు గట్టిగా పట్టుకున్నాను. ప్రార్థనలు నాకు వచ్చినవన్నీ అయిపోయాయి. మల్లయ్య బీడీ ముట్టించుకుని వెనక్కి వాలాడు. కాసేపటికి, "నేను పదేండ్ల సంది గిట్లనే కూసుంటున్ననే," అన్నాడు మెల్లిగా.

ఆ తరువాత ముప్ఫై ఏళ్లు తాళ్లు అతికాను. పురి చూడడం ఒక్కనాడూ మరవలేదు. కానీ ఆ వ్యవహారం నాకు నేర్పింది అది కాదు, అది సరంగు తాత ఎప్పుడో నేర్పాడు. నా పని నా చేతుల్లోంచి వెళ్లిపోయాక దాని మీద ఎవరో ఒకరు కూర్చుంటారని, వాళ్లకి లోపల ఏముందో తెలియదని, ఆ పడవలో రెండు గంటలు వణుకుతూ కూర్చుంటే తప్ప నా బుర్రకి ఎక్కలేదు.