దారం తెంపే సైగ

మా అక్కకు చెవులు వినపడవు. మాటలు అప్పుడప్పుడే వస్తున్న వయసులో జ్వరం తగిలింది. జ్వరమైతే తగ్గింది కానీ పోతూ పోతూ వినికిడిని పట్టుకుపోయింది. వచ్చిన ఆ నాలుగు మాటలూ ఆగిపోయాయి. బడిలో చేర్చుకోం అన్నారు. నేనూ ఐదో తరగతితో చదువు ఆపేసి మట్టి పనికి పోయాను. ఇప్పటికీ అదే పని, పైపుల కోసం కాలవలు తవ్వడం.

అక్కకు మాటలు నేర్పింది మా చెల్లి. నేర్పింది అనడం కూడా సరికాదు. ఇద్దరూ మూల కూర్చుని చేతులతో ఒక్కో మాటా తయారు చేసుకున్నారు. చెల్లికి గుర్తు బుగ్గ మీద సొట్ట. నాకు గుర్తు అరచేతిలో బొబ్బను గిల్లడం. చెల్లికి పెళ్ళయ్యాక మా బావకు గుర్తు గురక. పాపం ఆయనకు చాలా కాలం తెలియదు, అదేదో గౌరవంగా పిలవడం అనుకునేవాడు.

అన్నం, నీళ్ళు, డబ్బులు, కోపం, ఇంతవరకు సైగల్లో నాకూ వచ్చు. నిన్న జరిగింది చెప్పుకోవడం, ఒకరి మీద చాడీలు, ఇంకొకరి మీద బెంగ, ఇవన్నీ వాళ్ళిద్దరి చేతులకే తెలుసు. ఈ లోకంలో అక్క మనసు విప్పి మాట్లాడగలిగిన మనిషి ఒక్క చెల్లే.

ఆ చెల్లి పెళ్ళయి, బస్సులో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేస్తే గానీ చేరలేని ఊరికి వెళ్ళింది. అక్క చదువుకోలేదు, ఉత్తరం పనికిరాదు. వినపడదు, ఫోను పనికిరాదు. ఏడాదికోసారి చెల్లి వచ్చి వెళ్ళాక మళ్ళీ ఏడాది దాకా అక్క చేతులు బట్టలు కుట్టడానికి తప్ప దేనికీ లేచేవి కావు. నా భార్య పోయాక అక్క నా దగ్గరే ఉంటోంది. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టు మిషను వేసుకుని బడిపిల్లల బట్టలు, దిండు గలీబులు కుడుతుంది. మోకాళ్ళు అరిగిపోయాయని దానికి మోటారు పెట్టించాను.

తర్వాత టెలిఫోను తీగ మీదే ఇంటర్నెట్ వస్తుందన్నారు. చెల్లి కూతురు తన పాత టాబ్లెట్ ఒకటి పంపింది. మొదటి రోజు ఇద్దరూ అద్దంలో చూసుకున్నట్టు ఒకరినొకరు చూసుకుని, ఏడవడమే సరిపోయింది, సైగలు చెయ్యడానికి చేతులు ఖాళీ లేవు. ఆ రోజు నుంచి సాయంత్రం మిషను ఆపగానే అక్క టాబ్లెట్ ముందుకు వచ్చేది.

మా ఇల్లు రోడ్డు చివర, పల్లంలో ఉంది. సెల్ సిగ్నలు రాదు. తీగ మీద వచ్చేదే దిక్కు, అదీ నత్తనడక. బొమ్మ వస్తూ వస్తూ ఆగిపోయేది. నోటితో మాట్లాడుకునేవాళ్ళకు బొమ్మ ఆగినా మాట వినపడుతుంది. చేతులతో మాట్లాడేవాళ్ళకు బొమ్మ ఆగిందంటే ఎవరో నోరు మూసినట్టే. దానికీ వాళ్ళే ఉపాయం కనిపెట్టారు. ఒక్కో సైగా చేసి చేతిని అలాగే నిలిపి ఉంచేవాళ్ళు, బొమ్మ వచ్చేదాకా. ఇంకా ఆగిపోతే అక్క రెండు చేతుల మధ్య దారం సాగదీసి పుటుక్కున తెంపినట్టు చూపించేది. అంటే లైను బాలేదు, మళ్ళీ చెప్పు అని.

ఈమధ్య ఆ దారం మరీ ఎక్కువగా తెగుతూ వచ్చింది. రోజూ కనపడుతున్నాంగా అని చెల్లి ఏడాదికోసారి రావడం కూడా మానేసింది. చెల్లి చెయ్యి గతుకుల రోడ్డు మీద బండిలా వచ్చేది. వేళ్ళు సగం లేచి ఆగేవి. అక్క విసుక్కుని, దారం తెంపి, నా అరచేతిలో బొబ్బను గిల్లి, గోడ మీద తీగను చూపించింది. నన్ను బాగు చేయించమని. ఆ మాటే చెల్లితో అన్నాను.

"ఎందుకన్నయ్యా దండగ! మీ ఇల్లు ఉన్న దూరానికి అంతే వస్తుంది. ఉన్నదాంతో సర్దుకుందాం లే."

నా చేతి చమురు వదులుతుందని అంటోంది కాబోలు అనుకున్నాను.

అక్క ఊరుకోలేదు. చివరికి లైనుమ్యాన్‌ను తీసుకొచ్చాను. భుజం మీద నిచ్చెన, ముందు పొట్ట.

"తమ్ముడూ, ఎక్స్ఛేంజి నుంచి వచ్చే రాగితీగ మీ ఇంటితో ఆఖరు. ఇక్కడికొచ్చేసరికి దానికి ఆయాసమొస్తుంది" అన్నాడు.

"పైపులూ అంతేనన్నా. చివరింటికి నీళ్ళు బొట్టు బొట్టుగానే వస్తాయి."

"అదే మరి. దూరం నేను తగ్గించలేను. వచ్చిన కాస్తా ఇంట్లో కారిపోకుండా చూడగలను."

తీగ వెంట వెతుక్కుంటూ వెళ్ళాడు. అది ముందు గదిలో కిటికీ కింద సాకెట్లోకి వస్తుంది. అక్కడి నుంచి నేనే చాప కింద పొడుగు వైరు లాగి లోపలి గదిలో గూటి మీద నెట్ బాక్సుకు కలిపాను. మధ్యలో ఒక అతుకు.

"ఈ కట్టు కట్టిన డాక్టరెవరు?" అన్నాడు టేపు చూసి.

"నేనేనన్నా."

"రోగి బతికుండటమే గొప్ప! తీసెయ్. బాక్సు నేరుగా మొదటి సాకెట్లోనే ఉండాలి. వంటగదిలో ఆ పాత ఫోను కూడా పీకెయ్. ఇంకోటి, ఈ మిషను ఇక్కడ ఉండకూడదు. మోటారు తిరిగితే లైను బెదురుతుంది. ఒకసారి బెదిరిందంటే స్పీడు తగ్గించుకుని కూర్చుంటుంది, సాయంత్రానికి కూడా తేరుకోదు."

అక్కకు వెలుతురు వచ్చేది ఆ కిటికీ ఒక్కదాని నుంచే. నేను తటపటాయిస్తూ సైగ చేశాను. నా సైగ పూర్తి కాకముందే అక్క మిషను ఒక పక్క పట్టుకుని, రెండో పక్క పట్టుకోమని నాకు కళ్ళతో చెప్పింది. లోపలి గదికి మోశాం. దాని మీద కొత్త బల్బు వేలాడదీశాను.

లైనుమ్యాన్ వెళ్ళేముందు అక్క అతన్ని చూస్తూ నా భుజం తట్టి, చేతులతో పొట్ట గుండ్రంగా చుట్టి చూపించింది.

"ఏమంటోంది?"

"మంచివాడివంటోంది."

"పో తమ్ముడూ! పొట్ట నాకు కనపడింది" అని నవ్వాడు. మళ్ళీ వెనక్కి వచ్చి సాకెట్ మరలు ఇంకోసారి బిగించి వెళ్ళాడు.

ఆ సాయంత్రం అక్క తల దువ్వుకుని కూర్చుంది. బొమ్మ వచ్చింది. నేనూ దగ్గరికి జరిగాను. ఇంత శుభ్రంగా ఎన్నడూ రాలేదు. గోడ మీద క్యాలెండరులో అంకెలు కనపడుతున్నాయి. చెల్లి వెనక ఫ్యాను నున్నగా తిరుగుతోంది. బావ తువ్వాలు భుజాన వేసుకుని అటు నుంచి ఇటు నడిచి వెళ్ళాడు, ఒక్క అడుగూ తడబడలేదు. చెల్లి చెయ్యి ఎత్తింది.

ఆ చెయ్యి మాత్రం గతుకుల్లోనే వచ్చింది. వేళ్ళు సగం లేచి ఆగాయి. వణికాయి. మళ్ళీ లేవబోయి పడిపోయాయి. వెనక ఫ్యాను తిరుగుతూనే ఉంది.

అక్క చేతులు ఒళ్ళో పడిపోయాయి.

చెల్లి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని నిదానంగా సైగ చేసి అడిగింది, లైను బాగైందా అని. కళ్ళు మాత్రం అక్క మొహం మీదే ఉన్నాయి, డాక్టరు ఏం చెబుతాడోనని చూస్తున్నట్టు.

అక్క నెట్ బాక్సు వైపు చూసింది. నావైపు చూసింది. తర్వాత రెండు చేతులూ ఎత్తి, దారం సాగదీసి, పుటుక్కున తెంపింది. బాగవలేదు, అలాగే ఉంది అని.

చెల్లి భుజాలు కిందికి జారాయి. బుగ్గ మీద సొట్ట కనపడింది.

"చెప్పానా అన్నయ్యా, దండగని!" అని నన్ను కోప్పడింది. నేను ఊఁ అన్నాను.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి మిషను కిటికీ దగ్గర ఉంది. అక్క ఒక్కతే ఎలా లాక్కొచ్చిందో! నెట్ బాక్సు మళ్ళీ లోపలి గూటి మీద, నా టేపు కట్టుతో పాత వైరు చాప కింద. ఏమిటని అడిగితే, లోపల చీకటి, సూది గుచ్చుకుంటోంది అని సైగ చేసింది. కొత్త బల్బు వెలుగుతూనే ఉంది. చాప అంచు కాలితో సరిచేశాను.

తర్వాత ఒకసారి లైనుమ్యాన్ రోడ్డు మీద ఎదురై, "ఎలా ఉంది తమ్ముడూ స్పీడు?" అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉందన్నా" అన్నాను. ఆయన సంతోషంగా వెళ్ళాడు.

సాయంత్రాలు అలాగే సాగాయి. చెల్లి సైగలు రానురానూ చిన్నవయ్యాయి. అక్క ఊహించుకుని జవాబు చెప్పేది, అందనప్పుడు దారం తెంపేది. ఇద్దరూ కలిసి లైనును తిట్టేవాళ్ళు. వానాకాలం మొదలయ్యాక, నేను పని దగ్గర ఉండగా చెల్లి కూతురు సెల్‌కు ఫోన్ చేసింది.

"మావయ్యా, పెద్దమ్మను తీసుకురా. అమ్మ చెప్పొద్దంది. ఇంక దాచడానికి ఏం మిగల్లేదు."

"ఎన్నాళ్ళుగా అమ్మా?"

"ఏడాది పైనే. నరాల జబ్బు, చేతులతోనే మొదలైంది. అమ్మేమో, వేరే ఏ జబ్బైనా నేనే అక్కకు చెప్పుకునేదాన్ని, దీన్ని ఏ చేత్తో చెప్పను అని ఏడ్చేది మావయ్యా."

బస్సులో అక్క కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నిద్రపోలేదు. ఒళ్ళో చేతులు మాత్రం అప్పుడప్పుడూ కదిలేవి, ఏదో ముందే చెప్పి చూసుకుంటున్నట్టు.

చెల్లి మంచం మీద ఉంది. రెండు దిండ్లు వేసి కూర్చోబెట్టారు. దుప్పటి మీద చేతులు, వాటిలో ఎముకలు తప్ప ఏమీ లేవు. అక్క మంచం అంచున కూర్చుంది. ఇద్దరి మధ్యా ఇప్పుడు తీగా లేదు, దూరమూ లేదు. చెల్లి అక్కను చూసి ఏదో అడగబోయింది. కుడి చెయ్యి దుప్పటి మీద నుంచి బెత్తెడు లేచి, వణికి, పడిపోయింది. ఇంకోసారి లేపబోయింది. లేవలేదు. చెల్లి కళ్ళు అటూ ఇటూ వెతుక్కున్నాయి, వంక పెట్టడానికి ఏమీ దొరకనట్టు.

అప్పుడు అక్క తన రెండు చేతులూ ఎత్తింది. చెల్లి మొహానికి దగ్గరగా, దారం సాగదీసి, పుటుక్కున తెంపింది.

చెల్లి బుగ్గ మీద సొట్ట పడింది. నవ్వింది, నవ్వుతూనే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. అక్క ఇన్నాళ్ళూ తెలిసే దారం తెంపుతూ వచ్చిందని చెల్లికి అప్పుడు అర్థమైంది. అక్క ఆ చేతిని, మిషను సూది కిందికి మెత్తటి బట్టను జరిపినట్టు జాగ్రత్తగా తన చేతిలోకి తీసుకుంది. ఒక్కో వేలూ మడిచి, తెరిచి, తనకు తెలిసిన మాటలు దానిచేత తనే చెప్పించుకోవడం మొదలుపెట్టింది.

నేను ఉండలేక గుమ్మం బయటికి వచ్చాను. బావ అక్కడే స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమంటోంది బావా, మీ అక్క?" అన్నాడు.

"లైను బాలేదంటోంది" అన్నాను.