దుబాసీగా వెళ్లిన ఊరికి మళ్లీ ఒకరోజు

హైదరాబాదు నుంచి సంగారెడ్డి వెళ్లే దారిలో పల్లెలు చూసిరావాలనుకునే వాళ్లు నన్ను అప్పుడప్పుడు దారి అడుగుతుంటారు. మొన్న సెప్టెంబరు చివర ఒక ఆదివారం నేను మళ్లీ ఆ దారిన వెళ్లివచ్చాను. సరదాకు మాత్రం కాదు, ఒక ఉత్తరం వచ్చింది కాబట్టి. ఉత్తరం రాసింది మిస్ ఇంగ్రిడ్. మూడేళ్ల క్రితం, సముద్రాలవతలి ఒక చలిదేశం నుంచి మన పల్లెల్లో తల్లీబిడ్డల సంక్షేమ కేంద్రాలు పెట్టించడానికి వచ్చిన నర్సు. అప్పట్లో నాలుగైదు దేశాలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఒక దేశం పాలపొడి ఇచ్చింది, ఒకటి మందులిచ్చింది, ఇంకొకటి జీపిచ్చింది. స్థలమూ కట్టడమూ మన సర్కారువి. నేను ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్తాను, ఉర్దూ తెలుగూ కూడా వచ్చు. అందుకని ఆమెకు దుబాసీగా నన్ను పంపారు.

ఇప్పుడు ఆమె రాసింది ఇది: "వచ్చే నెల మా దేశాలన్నీ కూర్చుని ఇలాంటి కేంద్రాలు ఇంకా ఎక్కడెక్కడ కట్టాలో నిర్ణయిస్తాయి. మనం వెళ్లిన ఆ ఊరినే నేను ఉదాహరణగా చెప్తూ వచ్చాను. ఆ రోజు చాలాసేపు మాట్లాడిన మంత్రసానిని కలిసి, కేంద్రం ఎలా నడుస్తోందో అడిగి, ఆమె మాటల్లోనే రాసి పంపగలవా?"

ఆ ఉత్తరం రెండు రోజులు నా సంచిలోనే ఉంది. మూడోరోజు పొద్దున గౌలిగూడలో ఏడుగంటల బస్సెక్కాను. పటాన్‌చెరుకు టికెట్టు పద్నాలుగు అణాలు. ఎర్రగడ్డ దాటితే ఊరు పల్చబడుతుంది. కూకట్‌పల్లి తర్వాత అంతా జొన్నచేలు, మధ్యమధ్య నల్లరాతి గుట్టలు, గుట్టలమీద సీతాఫలం పొదలు. ఆ వారమంతా వానలు పడ్డాయేమో, చేలు కళ్లకు చల్లగా ఉన్నాయి. కానీ నా కళ్లు చేలమీద నిలవలేదు.

మూడేళ్ల క్రితం ఆ రోజు సంగతి చెప్పకపోతే ఈ ప్రయాణం మీకు అర్థం కాదు. రోడ్డు పక్కన షామియానా వేశారు. ఊరు వాగుకు అవతల ఉంది, జీపు వాగు దిగదు, కాబట్టి ఊరినే ఇవతలకు పిలిపించారు. మిస్ ఇంగ్రిడ్ ఆడవాళ్లవైపు తిరిగి, కేంద్రం ఎక్కడుండాలి, మీకేం కావాలి అని అడిగింది. నేను తెలుగులో చెప్పాను. అప్పుడు సాయవ్వ అనే మంత్రసాని లేచింది. ఆమె అన్న మాటలు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"రోడ్డు మీద కడ్తె మాకేం పనికొస్తదమ్మా? నొప్పులొచ్చిన ఆడిది వానకాలంల వాగెట్ల దాటుతది? దవాఖాన గా ఒడ్డుకు పెట్టుండ్రి. లేకుంటె కట్టుడే వద్దు, నాకు జెర పని నేర్పుండ్రి. కత్తెర, సబ్బు, ఒక లాంతరు ఇయ్యుండ్రి, నేనే ఇంటింటికి పోత. ఇగ పాలపొడి అంటున్నరు. మా బాయి నీళ్లల్ల కలిపి తాపితె పోరగాండ్లకు బేదులైతయి. ముందుగాల బాయి మంచిగ చేయుండ్రి."

నా పక్కన అభివృద్ధి అధికారి నిలబడి ఉన్నాడు. "స్థలం ఖరారైపోయిందమ్మా. దూరం నుంచి వచ్చిన అతిథి ముందు ఇదంతా ఎందుకు?" అన్నాడు మెల్లగా. ఆయన నన్ను బెదిరించలేదు, బలవంతమూ చేయలేదు. నాకే సిగ్గేసింది. సాయవ్వ మాట మోటుగా ఉంది, చేతులు తిప్పుతూ గట్టిగా అంటోంది, సాయం చేస్తామని వచ్చిన మనిషి ముందు మన దేశం తగవుకు దిగినట్లుంది. నేను ఇంగ్లీషులో, "ఆమె చాలా సంతోషంగా ఉంది. కేంద్రం రోడ్డు పక్కనే ఉంటే మంచిదంటోంది" అన్నాను.

మిస్ ఇంగ్రిడ్ కలం ఆపి నావైపు చూసింది. "అంతేనా? చాలాసేపు మాట్లాడింది కదా."

"అంతే" అన్నాను. ఆమె రాసుకుంది.

పటాన్‌చెరులో బస్సు దిగేసరికి ఎనిమిదిన్నర అయింది. బస్సులు ఆగేచోటే జట్కాలు దొరుకుతాయి. ఖాజామియా అనే ముసలాయన రానూపోనూ రెండు రూపాయలకు ఒప్పుకున్నాడు. ఇస్నాపూర్ దాకా రోడ్డు బాగానే ఉంది. అక్కడినుంచి కుడివైపు బండిబాట. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. చూడవచ్చిన వాళ్లను ఆ ఊరు ఇప్పటికే చాలామందిని చూసింది.

బాట మొదట్లోనే కేంద్రం కనిపించింది. పెంకుటిల్లు, ముందు వరండా. సహకరించిన దేశాల పేర్లన్నీ ఒకదానికింద ఒకటి రాసిన పెద్ద బోర్డు, అక్షరాలు ఇంకా చెదరలేదు. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. కిటికీలోంచి చూస్తే తెల్లటి ఇనుపబల్ల, దానిమీద ఎరువు బస్తాలు.

"డాక్టరమ్మ ఎప్పుడొస్తది?" అని ఖాజామియాను అడిగాను.

"నెలకు ఒకపారి జీపుల వస్తరు బేటీ. వచ్చిన దినం రోడ్డు మీద పొయ్యేటోళ్లు ఇద్దరు ముగ్గురు గీ వరండాలనే సూపిచ్చుకుంటరు. వాగు అవుతల నుంచి ఎవరొస్తరు? వస్తె ఉత్త పరేషానే గద" అన్నాడు ఆయన.

వాగు దగ్గర జట్కా ఆగిపోయింది. నీళ్లు మోకాలి లోతున్నాయి, అడుగున జారుడు రాళ్లు. చెప్పులు చేత్తో పట్టుకుని దిగాను. మూడేళ్ల క్రితం మేమెవ్వరం ఈ నీళ్లలో కాలు పెట్టలేదు. నడిమధ్యకు వచ్చేసరికి ఒరవడికి కాలు నిలవలేదు, వెనకనుంచి ఖాజామియా వచ్చి రెక్క పట్టుకోకపోతే పడేదాన్నే. నేను ఏ బరువూ లేని, ఏ నొప్పీ లేని మనిషిని. వానలు తెరిపిచ్చిన రోజున దాటుతున్నాను.

సాయవ్వ ఇల్లు ఊరి మొదట్లోనే. గడప ముందు కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను చూడగానే చాట పక్కన పెట్టింది. "నువ్వు తెల్లమ్మతోటి వచ్చినదానివి గద బిడ్డా. కూసో" అని గొంగడి పరిచి, ముంతతో సల్ల ఇచ్చింది. ఏడాది దాటిన ఒక ఆడపిల్ల ఆమె మోకాలు పట్టుకుని నిలబడి నావైపు చూస్తోంది.

తెల్లమ్మ ఉత్తరం రాసిందని, ఇలాంటివి వేరే ఊళ్లలోనూ కడతారని, కేంద్రం ఎలా ఉందో అడగమందని చెప్పాను. సాయవ్వ మొదట పాలపొడి సంగతి చెప్పింది. "తెచ్చిన్రు, తాపిన్రు. పోరగాండ్లు వారం దినాలు మంచంల నుంచి లేవలే. అటెన్క ఎవ్వలు ముట్టలే. సున్నంల కలిపి గోడలకేసిన్రు. సూడు, ఎంత తెల్లగున్నయో." నిజంగానే ఆ వాడలో గోడలు మెరిసిపోతున్నాయి. ఏ దేశంలో ఏ ఆవులను పొద్దున్నే లేచి ఎవరు పితికారో ఆ పాలు.

"ఈ పిల్ల మీ మనుమరాలా?" అని అడిగాను.

"మా ఎనక ఇంటి యాదమ్మ బిడ్డ. పోయిన వానకాలం పుట్టింది. పిల్ల మంచిగనే పుట్టింది. మాయ పడలే, రక్తం ఆగలే. నా సేతులల్ల లేదని నాకెరుకైంది. రోడ్డు మీద దవాఖాన ఉంది గద అని మంచం మీద ఎత్తుకపోయినం. వాగు ఒడ్డు మీదికెల్లి పారుతున్నది. ఇగ గంతే." ఆమె పిల్ల తల నిమిరింది. "పొద్దుగాల పోయి మాపటిదాంక ఒడ్డుమీదనే కూసున్నం. తల్లి ఆడనే పాయె."

ఆ పిల్ల నా చేతి గాజులు పట్టుకుని లాగడం మొదలుపెట్టింది.

"సాయవ్వా, ఆనాడు నువ్వు చెప్పింది నేను తెల్లమ్మకు చెప్పలే" అన్నాను.

"నాకెరుకే బిడ్డా."

"ఎట్ల తెలుసు?"

"నేను గంతసేపు మాట్లాడితి. నువ్వు రెండు ముక్కలల్ల ఒడగొట్టినవు. తెల్లమ్మ నా దిక్కు సూసి నవ్వింది. నేను చెప్పినదాంట్ల నవ్వేటిదేమున్నది?"

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"నాకు అంగ్రేజీ రాదు, నీకొస్తది. ఏమని అడుగుదు?"

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఇప్పుడైనా రాస్తాను, చెప్పమని అడిగాను. "ఇప్పుడు రాస్తె యాదమ్మ వస్తదా?" అంది. లేచి లోపలికి వెళ్లింది. రాదనుకున్నాను. కాసేపటికి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "రాయి. వేరే ఊర్లల్ల గూడ కడ్తరంటివి గద."

ఆమె చెప్పిందంతా తెలుగులోనే రాసి, ఆమెకు చదివి వినిపించి, తర్వాతే ఇంగ్లీషు చేశాను. చదువుతున్నప్పుడు ఒకచోట ఆపింది. చివర నేను అలవాటుకొద్దీ "వేడుకొంటున్నాము" అని రాశాను. "ఏడుకొనుడెందుకు? చెప్తున్న అని రాయి" అంది. కొట్టేసి అలాగే రాశాను.

పన్నెండున్నరకు ఇస్నాపూర్ చేరి ఖాజామియాను పంపించేసి, సంగారెడ్డి బస్సు ఎక్కాను. టికెట్టు ఆరణాలు. రుద్రారం మీదుగా గంట ప్రయాణం. ఆదివారం తపాలా ఆఫీసు ఉండదని నాకు తెలుసు, అందుకే ఆ రాత్రి పాత జైలు దగ్గరి వీధిలో ఉన్న నా స్నేహితురాలి ఇంట్లో ఆగి, తెల్లారి పది కొట్టగానే ఆనాటి నా అబద్ధాన్ని కూడా ఒప్పుకుంటూ రాసిన ఉత్తరాన్ని విమాన తపాలాలో వేశాను. అక్కడినుంచి నకలు పట్టుకుని అభివృద్ధి అధికారి ఆఫీసుకు వెళ్లాను. పాత అధికారి బదిలీ అయ్యాడు. కొత్తాయన మర్యాదగా కుర్చీ చూపించి, చివరిదాకా చదివాడు. "నిజమేనమ్మా. కానీ ఇది అన్ని దేశాలు కలిసి చేసిన పథకం. పైవాళ్లు మార్చమంటే తప్ప మేం మార్చలేం" అన్నాడు. పైవాళ్లేమో ఊరివాళ్లు కోరినట్లే కట్టామని అనుకుంటున్నారు.

ఆరువారాలకు మిస్ ఇంగ్రిడ్ జవాబు వచ్చింది. నా ఉత్తరం అందేసరికి సమావేశం ముగిసిపోయింది. ఆమె పాత నివేదికను అచ్చువేసి సభ్యదేశాలకు పంచిపెట్టారు. కేంద్రాలను రోడ్ల పక్కనే కట్టాలన్న సలహా కింద ఆధారంగా ఒక వాక్యం ఉందట, "గ్రామ స్త్రీలే అలా కోరుకున్నారు" అని. ఇంకో మూడు దేశాల్లో పునాదులు తీస్తున్నారట. సవరణ కోసం ఆమె గట్టిగా అడిగింది. తర్వాతి ముద్రణలో చూద్దామన్నారు. "ఆ రోజు నేను మళ్లీ అడగాల్సింది. ఇంకా రెండు ఊళ్లు చూడాలన్న తొందరలో ఉన్నాను" అని చివర రాసింది. ఈ జవాబు సాయవ్వకు చదివి వినిపించడానికి నేను ఇంకా వెళ్లలేదు. వెళ్లాలి.

దేశాలు చేతులు కలపడాన్ని ఎగతాళి చేయడానికి ఇది రాయలేదు. ఆ మందులు మంచివే, ఆ జీపు మంచిదే, మిస్ ఇంగ్రిడ్ మనసు అన్నిటికంటే మంచిది. వేల మైళ్లు దాటివచ్చిన ఆ సాయానికి చివర మిగిలింది నేను చెప్పాల్సిన నాలుగు మాటల దూరం. అక్కడ నేను నా పరువు చూసుకున్నాను. నేనెన్నడూ చూడని దేశాల్లో, నా భాష తెలియని ఆడవాళ్ల ఇళ్లకు దూరంగా, నేను కల్పించిన వాక్యం మీద గోడలు లేస్తున్నాయి. ఏ భాషలో క్షమాపణ అడిగితే వాళ్లకు చేరుతుందో నాకు తెలియదు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. నాట్లు, కోతల రోజుల్లో వెళ్లకండి, ఆడవాళ్లు ఇళ్లలో ఉండరు. మిగతా రోజుల్లో పది దాటాక వెళితే తీరిగ్గా కూర్చుని మాట్లాడతారు. ఇస్నాపూర్ నుంచి హైదరాబాదు బస్సు నాలుగున్నరకు ఉంది. అది పోయినా ఆరింటికి ఇంకొకటి వస్తుంది. ఎదుటి మనిషి మాట పూర్తికాకుండా బస్సు కోసం లేవకండి.