ఆయన ఊపిరి మీద నాకు కుళ్లు

నలభై ఏళ్లు సిగరెట్లు కాల్చింది మా ఆయన. పాడైన ఊపిరితిత్తులు నావి. ఇందులో న్యాయమేమిటో చెప్పమని మా సంఘం పాస్టరుగారిని అడిగితే, ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ప్రార్థన చేస్తానంటే నేనెందుకు వద్దంటాను? చెయ్యనిచ్చాను. జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదు.

నా పేరు కాంతమణి. పుట్టింది నరసాపురం దగ్గర. దేవసహాయంగారిని కట్టుకుని సికింద్రాబాదు వచ్చాను. ఇక్కడే ఒక మిషన్ స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఆయన రైల్వేలో గూడ్సు గుమాస్తా. మాకిచ్చిన మెట్టుగూడ క్వార్టరులో రెండు గదులకూ కలిపి కిటికీ ఒక్కటే. లోపలి గదిలో నా పొట్టు పొయ్యి. రంపపు పొట్టు కూరి రాజేస్తే వంట చవగ్గా అయ్యేది, కళ్లు మాత్రం మంటలెత్తిపోయేవి. బయటి గదిలో ఆయన సిగరెట్టు. ఆ రెండు పొగలూ ఆ ఒక్క కిటికీలోంచే పోవాలి. పోకుండా మిగిలిందంతా నాలోనే ఉండిపోయిందని ఇన్నేళ్ల తర్వాత డాక్టరు చెప్పాడు.

ఆ డాక్టరు నాచేత ఒక గొట్టంలోకి ఊదించి, ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకెత్తి చూసి, "మీరు స్మోక్ చేస్తారా అమ్మా?" అని అడిగాడు. నాకు ఒళ్లు మండింది. "ఈయన కాల్చారు, నేను పీల్చాను," అన్నాను, పక్కనున్న మనిషిని చూపించి. మా ఆయన తల వంచుకున్నారు. ఆ రోజు నుంచి మళ్లీ సిగరెట్టు ముట్టలేదు. మహా ఘనకార్యం! ఎవరికి లాభం?

అసలు నేనెలాంటిదాన్నో చెప్పాలి. నా అంత వేగంగా నడిచే ఆడమనిషి మా క్వార్టర్సులో ఉండేది కాదు. ఆదివారం ఆరాధనకని గుడికి బయల్దేరితే నేను ముందు, ఆయన వెనక. "కాంతం, కాస్త ఆగు!" అని వెనకనుంచి అరుస్తూ ఉండేవారు. నేను ఆగేదాన్ని కాదు. ఇక తిట్టడం మొదలుపెడితే గుక్క తిప్పుకోకుండా తిట్టేదాన్ని. నా చెప్పుల చప్పుడు వరండాలో వినపడగానే తొమ్మిదో తరగతి మొత్తం నోరు మూసుకునేది.

ఇప్పుడు? చేతులు పైకెత్తి జడ అల్లుకుంటే ఆయాసం. వంగి చెప్పు తొడుక్కుంటే ఆయాసం. స్నానాల గదిలో స్టూలు వేసుకుని కూర్చుని పోసుకుంటాను. రాత్రిళ్లు ముక్కుకు గొట్టం, మంచం పక్కన గురగురమనే ఆక్సిజన్ మెషీను. వయసు మీదపడే కొద్దీ ఈ జబ్బు ఒక్క ఊపిరితో సరిపెట్టుకోలేదు. కాళ్లలో కండ తీసేసింది, నోట్లో రుచి తీసేసింది, నలుగురిలోకి వెళ్లాలన్న సరదా తీసేసింది. అన్నిటికంటే ఘోరం, నా కోపాన్ని సగానికి కోసేసింది. "మీకసలు బుద్ధి..." అనేసరికి గాలి అయిపోతుంది. "ఉందా" అనడానికి గోడ పట్టుకుని నిలబడాలి. ఈలోపు అవతలి మనిషి మంచినీళ్లు తెస్తానని వంటింట్లోకి వెళ్లిపోతాడు. సగం తిట్టు తిట్టే కాదు.

ఇక మా ఆయన సంగతి వినండి. రిటైరయ్యాక సైనిక్‌పురిలో ఈ కింది వాటా కొనుక్కున్నాం. రోజూ తెల్లారగానే బూట్లు, టోపీ పెట్టుకుని, గేటు తీసుకుని ఠీవిగా నడకకు బయల్దేరతారు. డెబ్బై నాలుగేళ్ల మనిషి! వీధి చివర ఇస్త్రీ బండి ఉన్న మలుపు దాకా నాకు కనిపిస్తారు. అక్కడ తిరిగి, ఆ వెనకున్న పార్కుకు వెళ్తారు. నేను వరండాలో కుర్చీలో కూర్చుని ఆ వీపు మలుపు తిరిగేదాకా చూస్తాను. కుళ్లిపోతాను. దాచుకోవడమెందుకు? ఆయన గురక పెట్టినా నాకు కుళ్లే. ఎంత గాలి వృథా చేస్తున్నారో అనిపిస్తుంది.

ఇది చాలదన్నట్టు బ్యూలా వచ్చింది. మా ఇంటికి మూడిళ్ల అవతల చేరింది. సికింద్రాబాదులోనే పుట్టి పెరిగింది, టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయింది, భర్త పోయాడు. తెల్ల బూట్లు వేసుకుని చకచకా నడుస్తుంది. కొన్నాళ్లకు వాళ్లిద్దరి నడకా ఒకటైపోయింది.

"అక్కా, మంచిగున్నవా? బ్రదర్‌ను జెర తోల్కపోత," అంటుంది గేటు దగ్గర నిలబడి.

బ్రదరట, బ్రదరు! తోలుకుపోవడానికి ఆయనేమన్నా నీ కూరగాయల సంచీయా అని అడగాలని ఉంటుంది. ఆ మాటకు సరిపడా ఊపిరి నేను కూడగట్టుకునేలోపు వాళ్లు ఇస్త్రీ బండి దగ్గరికి చేరిపోతారు.

అది మొదలు ఆయన మారిపోయారు. ఇదివరకు నడిచి వచ్చి, దారిలో చూసిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవారు. ఇప్పుడు "పార్కు ఎలా ఉంది?" అంటే "బాగుంది" అని పేపరు అడ్డం పెట్టుకుంటారు. మాటలన్నీ ఆవిడ దగ్గర ఖర్చుపెట్టేసి నాకు చిల్లర తెస్తున్నారని లెక్కేసుకున్నాను. బోయిన్‌పల్లి మార్కెట్టుకు వెళ్తే ఇదివరకు రెండు చేతులా సంచులు మోసుకొచ్చేవారు. ఇప్పుడు పూట పూటంతా పోయి నాలుగు బీరకాయలతో వస్తున్నారు. రాత్రి తల కింద రెండు దిండ్లు. పుస్తకం చదువుకోవడానికట. ఆ పుస్తకంలో పేజీ తిరగడం నేను చూడలేదు.

మొన్నొక ఉదయం నేను తలుపు వెనక ఉన్నానని తెలియక బ్యూలా గేటు దగ్గర అడిగింది.

"అక్కకు జెప్పినవా బ్రదర్?"

"ఇంకా లేదు."

"ఎన్ని దినాలు దాస్తవ్? ఇయ్యాల కాకుంటే రేపైనా తెలుస్తది గదా."

"చెబుతాను. నెమ్మదిగా చెబుతాను."

నా దగ్గర దాచి ఆవిడతో పంచుకునే సంగతి ఈయనకేముంది? ఆ రోజంతా అన్నం సయించలేదు. అడుగుదామా అనుకున్నాను. అడిగితే సగంలో ఊపిరి ఆగుతుంది, ఆ సందులో ఆయన ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటారు. లాభం లేదు. ఆ మలుపు అవతల ఏం జరుగుతోందో నా కళ్లతో నేనే చూడాలి. ఎన్నో నెలలుగా గేటు దాటి కారెక్కడం తప్ప నేలమీద అడుగుపెట్టని దాన్ని, మలుపు దాకా నడిచి వెళ్లాలని తీర్మానించుకున్నాను.

మర్నాడు వాళ్లు కనుమరుగవగానే పంపు మందు పీల్చి, కర్ర తీసుకుని బయల్దేరాను. పక్కింటి గేటు దాకా బాగానే ఉంది. తర్వాత గోడలు పట్టుకున్నాను. డాక్టరు నేర్పినట్టు పెదవులు బిగించి, కొవ్వొత్తి ఆర్పినట్టు సన్నగా గాలి వదులుతూ నడిచాను. మా వీధిలో సగంమంది మిలటరీలో చేసి వచ్చినవాళ్లే. ఎనభై దాటిన కర్నలుగారొకరు నన్ను దాటుకుంటూ "గుడ్ మార్నింగ్ మేడమ్!" అన్నారు. తిరిగి అనడానికి నా దగ్గర గాలి లేదు. తల ఊపాను. ఈ ముసలాయన ఊపిరి మీద కూడా కుళ్లుకుని, మళ్లీ అడుగు వేశాను. వెనక్కి తిరిగిపోదామని ఒకటికి రెండుసార్లు అనిపించింది. బ్యూలా తెల్ల బూట్లు గుర్తొచ్చాయి. నడిచాను.

ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చేసరికి ఆ బొగ్గుల పొగ ఒక్క వాటు తగిలింది. దగ్గు ఎత్తుకుంది. కళ్లు బైర్లు కమ్మాయి. ఇస్త్రీ అతను పరుగున వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"అయ్యో అమ్మా! గిట్ల ఒక్కరే ఎందుకొచ్చిన్రు? పరేషాన్ గాకుండ్రి. సార్‌ను పిలుస్త, ఉండుండ్రి."

"సారు... పార్కులో..."

"పార్కెక్కడిదమ్మా? సార్ రోజు గా అరుగు మీదనే కూసుంటడు గదా."

తల తిప్పి చూశాను. మలుపు తిరగ్గానే మూసేసిన కొట్టు ఒకటి, దాని ముందు అరుగు. అరుగు మీద మా ఆయన. టోపీ తీసేసి ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగి, పెదవులు బిగించి, కొవ్వొత్తి ఆర్పినట్టు సన్నగా గాలి వదులుతున్నారు. భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. పిడికిట్లో నీలం రంగు పంపు. పక్కన నిలబడి బ్యూలా "మెల్లగ బ్రదర్, మెల్లగ," అంటోంది.

నాకెవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ కూర్చోవడం నాకు తెలుసు. రోజూ నేను కూర్చునేది అలాగే.

"అయ్యో అక్కా! ఏందీ, గింత దూరం నడిచొచ్చినవా?" అని బ్యూలా నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు... ఊరుకో," అన్నాను. వెళ్లి ఆయనకు రెండో పక్కన కూలబడ్డాను. కాసేపు ఇద్దరం ఊపిరి తీసుకోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాను చివరికి.

"నీకు... మెషీను పెట్టిన ఏడాదే."

"ఆవిడకెలా... తెలుసు?"

బ్యూలా అందుకుంది. "నేను గీ గల్లీకి కొత్తగొచ్చినప్పుడు ఇక్కడ్నే పడబోతుంటే పట్టుకున్న అక్కా. మా ఆయనకు సుత గిదే తక్లీఫ్ ఉండె. చూడంగనే సమజైంది. బోయిన్‌పల్లి డాక్టర్ దగ్గరికి నేనే తీస్కపోయిన. నీకు చెప్పమని రోజు మొత్తుకుంటున్న."

నాలుగు బీరకాయల కథ అది. రెండు దిండ్ల కథా, పేపరు అడ్డం పెట్టుకునే కథా అదే. మాట్లాడితే నాకు దొరికిపోతానని ఆయన మాట్లాడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. ఒక్కో మాటా ఆగి ఆగి వచ్చింది. "నీకీ జబ్బు తెచ్చిపెట్టింది నేను, కాంతం. ఇప్పుడు నాకూ వచ్చిందని... ఏ మొహం పెట్టుకుని చెప్పను?" కాస్త ఆగారు. "పొద్దున్నే నేను గేటు దాటుతుంటే... నువ్వు కళ్లల్లో నిప్పులు పోసుకుని చూస్తావే... పోనీలే, ఇంట్లో ఒక్కరైనా బాగున్నారని అనుకుంటోంది... అనుకోనీ అనుకున్నాను. నీకు కనిపించినంత మేరా... ఎలాగో నడిచేవాణ్ణి."

జాలి పడాలి కదా నేను. పడ్డాను, కాదనను. ఇన్నేళ్లుగా ఆయన ఊపిరి మీద పెంచుకున్న కుళ్లు అక్కడికక్కడే పోయింది. కానీ దాని చోటులోకి ఇంకోటి వచ్చి కూర్చుంది, దానికి రెట్టింపుది. ఆ ఆయాసం నాది. నా పొయ్యి పక్కన, నా ఒంటి కిటికీ గదుల్లో మొదలైంది. నా ముందు రొప్పాల్సిన మనిషి, పరాయి ఆడమనిషి ముందు రొప్పుతున్నాడు. భయమేసినప్పుడు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నేనింత దూరంలో కుర్చీలో కూర్చుని, ఈయన ఏదో సుఖపడిపోతున్నాడని ఏడుస్తున్నాను!

"మీకసలు బుద్ధి..." అని మొదలుపెట్టాను. గాలి అయిపోయింది.

"తప్పే..." అన్నారాయన. ఆయనకూ అయిపోయింది.

"...ఉందా!" అన్నాను. మొదటిసారి ఆయన మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లలేకపోయారు. తిట్టు పూర్తిగా తగిలింది.

ఆయన పంపు నోట్లో పెట్టుకుని నొక్కారు. మందంతా నాలుక మీదే పడింది. నొక్కిన తర్వాత తీరిగ్గా పీల్చారు.

"అలాగా పీల్చేది? ఎవరు నేర్పారు?"

ఆయన బ్యూలా వైపు చూశారు.

"అందుకే అలా ఏడిసింది," అన్నాను. పంపు లాక్కున్నాను. "ముందు గాలంతా వదలండి. ఊ... ఇప్పుడు పీలుస్తూ నొక్కండి. ఆపండి. ఇంకా ఆపండి." తొమ్మిదో తరగతి పిల్లాడిలా ఆపారు. కాసేపటికి భుజాలు కిందికి దిగాయి. ఇన్నాళ్ల మందూ నోట్లోనే పోయింది, నన్నడిగి ఉంటే పోయేది కాదు.

బ్యూలా ఆటో పిలుస్తానంది. వద్దన్నాను. ఇస్త్రీ అతను ఇచ్చిన నీళ్లు తాగి ముగ్గురం లేచాం. నేను గోడ పట్టుకుని ముందు, ఆయన కర్ర పట్టుకుని వెనక, ఆయన టోపీ చేతిలో పట్టుకుని ఆవిడ ఇంకా వెనక. కర్ర నేనే ఇచ్చాను. ఇచ్చేశాక నాకు పట్టుదల వచ్చింది. ఆవిడ చూస్తోంది కదా, ఒక ఇంటి గేటు నుంచి ఇంకో ఇంటి గేటు దాకా ఆగకుండా నడిచాను.

వెనకనుంచి వినపడింది, సన్నగా. "కాంతం, కాస్త... ఆగు."

మెట్టుగూడ వదిలాక ఆ మాట మళ్లీ వినలేదు. ఆగాను. ఆయన మెల్లగా వచ్చి నా పక్కన, అదే గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నాకు ఊపిరి అందడానికి కొంతసేపు పట్టింది. అందగానే బ్యూలా వైపు చెయ్యి చాచాను.

"ఆ టోపీ ఇటివ్వు," అన్నాను.